మూలపడిన ఇంజనుకు మళ్ళీ ఊపిరి

“పాత ఒక రోత, కొత్త ఒక వింత” అన్నది మన సామెత. లోకం నడక చాలవరకు ఈ సామెతను అనుసరించే ఉంటుంది. కొత్త మోటారు వచ్చిన నాడు పాత ఇంజను కొట్టంలోకి పోతుంది. కొట్టం కూలిన నాడు ఆరుబయట పడుతుంది. చివరకు పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చి, తూకం వేసి, బండికెత్తుకొని పోతాడు. అయితే ఈ సామెతకు లొంగని మనుష్యులు కొందరు ప్రతి ఊరిలోనూ ఉంటారు. వారికి పాతదే వింత. తుప్పు పట్టిన యంత్రం కంటబడితే వారి చేతులు ఊరకుండవు. అట్టివారి ఆనందమేమిటి, వారి చికాకులేమిటి, వారి శ్రమ వలన మనకు మిగిలేదేమిటి అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఇందుకు మేము దూరదేశాల ముచ్చట్లు వెదుక నక్కర లేకపోయినది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలోనే కావలసినంత సామగ్రి ఉన్నది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు ఈ సీమ కర్నూలు జిల్లాలోని భాగం. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు మెట్టభూములు. వాన కురిస్తే పంట, లేకుంటే వలస. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర ప్రభువుల కాలంలో నిర్మించిన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించినది. ఆ చెరువు క్రింది ఆయకట్టును మినహాయిస్తే తక్కిన రైతులలో చాలమందికి బావియే దిక్కుగా ఉండేది. కనుక ఈ సీమలో యంత్రాల కథ చాలావరకు నీటి కథయే.

మొదట ఈ ప్రాంతానికి వచ్చిన పెద్ద యంత్రం రైలు. గుంటూరు నుండి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి నంద్యాలకు, గుంతకల్లుకు పోయే మీటరు గేజి మార్గం పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో నిర్మింపబడినది. వందేళ్ళ పిదప, 1990వ దశకంలో అది బ్రాడ్ గేజిగా మారినది. కొండలలో కొంతమేర కొత్త దారి వేరుగా వేయడంతో, దొరబావి వద్ద లోయను దాటే పాత మార్గం అడవికి వదలివేయబడినది. ఆవిరి ఇంజన్ల కూత విన్న తరం నేడు పలుచబడినది. తరువాత మార్కాపురంలో పలకల పరిశ్రమ పెరిగినది. రాతిని కోసే రంపాలు, నునుపు చేసే యంత్రాలు వచ్చినవి. నల్లమల ఘాటు దారులలో జీపులు తిరిగినవి. బావుల వద్దకు ఆయిల్ ఇంజన్లు వచ్చినవి. వీటన్నిటిలోనూ సామాన్య కుటుంబం తనదిగా చెప్పుకొన్న యంత్రం ఆయిల్ ఇంజనే.

అంతకుముందు నీరు తోడడానికి కపిల ఉండేది. రెండెడ్లు, ఒక మనిషి, తోలు బాన. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరే వరకు ఎడ్లు ఏతవాలుగా ఉన్న బాటలో దిగుతూ, వెనుకకు నడుస్తూ ఉండవలసినదే. ఆ పనిని ఒక ఇంజను తీసికొన్నది. 1892లో రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు పేటెంటు కోరిన సూత్రం, 1897లో పనిచేసే యంత్రంగా నిలబడి, అరవై డెబ్బై ఏండ్లలో మన మెట్టపొలం బావిగట్టుకు చేరినది. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు 1929లో రూపొందించిన నెమ్మది ఇంజను ఈ వంశానికి పెద్దన్న వంటిది. ఐదు అశ్వశక్తులు, నిమిషానికి 600 చుట్లు. దానిని పోలిన ఇంజన్లు రాజకోటలో తయారై దేశమంతటా వ్యాపించినవి. 1946లో పూనాలో స్థాపింపబడిన కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్ల సంస్థ కూడా ఇట్టి పంపుసెట్లను పల్లెలకు అందించినది.

ఇక మా అనుభవానికి వస్తాము. కొంతకాలం క్రిందట ఒక గ్రామీణ రూపకానికి మాకు ఆయిల్ ఇంజను ధ్వని కావలసి వచ్చినది. మా శబ్దాల అల్మరాలో కప్పల బెకబెకలున్నవి, ఎడ్లబండి మువ్వలున్నవి, ఉరుములున్నవి. ఒకప్పుడు ప్రతి పొలంలో వినిపించిన ఈ డుగడుగ ధ్వని మాత్రం లేదు. ఊరూరా ఉన్నప్పుడు దానిని భద్రపరచవలెనని ఎవరికీ తోచలేదు కాబోలు. విచారించగా మార్కాపురానికి కంభానికి నడుమ ఒక గ్రామంలో ఒక రైతు తన తాతగారి ఇంజనును బాగుచేయిస్తున్నాడని తెలిసినది. రికార్డింగు పెట్టె పట్టుకొని వెళ్ళినాము. ఒక పూటలో పని ముగించుకొని రావచ్చునని మా అంచనా. ఆ ధ్వని మాకు దక్కడానికి మూడు ప్రయాణాలు, ఏడు నెలలు పట్టినవి.

మొదటిసారి వెళ్ళినప్పుడు వేపచెట్టు క్రింద, ఒక గోనెపట్టా మీద ఇంజను భాగాలు పరచి ఉన్నవి. ప్రక్కన డెబ్బై దాటిన మేస్త్రీ ఒకరు చుట్ట కాల్చుకొంటూ కూర్చున్నారు. ఇంజను తిరగడం లేదు. పిస్టను సిలిండరులో బిగుసుకొనిపోయినది. ఇరవై ఐదేండ్లుగా పొగగొట్టం మూత లేక, వానచుక్కలు లోపలికి దిగినవట.

ఇక్కడ ఇంజను పనితీరును కొంత చెప్పవలసి ఉన్నది. పిస్టను సిలిండరులో పైకి క్రిందికి నాలుగుమార్లు కదలడం ఒక ఆవృత్తి. మొదట గాలిని పీలుస్తుంది. రెండవమారు దానిని గట్టిగా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి సుమారు 500 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. అప్పుడు నాజిలు నుండి నూనె మంచు తుంపర వలె పడి తనంత తానే అంటుకొంటుంది. అగ్గిపుల్లతోగాని, విద్యుత్తుతోగాని పనిలేదు. ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టడం మూడవది. కాలిన పొగను బయటకు త్రోయడం నాలుగవది. నాలుగు కదలికలలో శక్తినిచ్చేది ఒక్కటే. తక్కిన మూడింటినీ బరువైన ఫ్లైవీలు తన ఊపుతో జరిపిస్తుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనులో సెకనుకు ఐదు మంటలు. మనకు వినిపించే డుగడుగలు అవే.

గాలిని గట్టిగా నొక్కవలెనంటే పిస్టనుకు, సిలిండరు గోడకు నడుమ సందు అతి స్వల్పంగా ఉండవలెను. ఆ సందులోనికి తుప్పు చేరినప్పుడు ఏమగును? ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. అనగా తుప్పు కేవలం మురికి కాదు. అది ఒక మేకు. రెండు లోహాల నడుమ తనను తాను దిగగొట్టుకొంటుంది.

దీనికి మందు సుత్తి కాదు, కాలం. సిలిండరు మూత విప్పి, పిస్టను నెత్తిన కిరసనాయిలు, పలుచని నూనె కలిపి పోసి, రోజుల తరబడి నాననివ్వవలెను. ఇంకినకొద్దీ మళ్ళీ పోయవలెను. కొద్దిగా వేడి చూపవలెను, చల్లారనివ్వవలెను. తరువాత కొయ్య దిమ్మె పెట్టి మెల్లగా ఒత్తిడి చేయవలెను. మేస్త్రీగారు ఇట్లే చెప్పి వెళ్ళినారట. “తొందరపడబాకు నాయనా, అది ఇరవై ఏండ్లు పట్టుకొన్న పట్టు, ఇరవై దినాలన్నా ఇవ్వు” అన్నారట. పదిహేనవ దినానికి రైతుకు ఓపిక చచ్చినది. సమ్మెట తీసినాడు. పిస్టను కదలలేదు గాని, లైనరు అంచు పగిలినది. “కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు” అని పెద్దలు ఊరకే అనలేదు. మేము వెళ్ళిన రోజున మేస్త్రీగారు ఆ పగిలిన ముక్కను అరచేతిలో పెట్టుకొని చూస్తున్నారు. కోపపడలేదు. కాని ఆనాడు ఇక పని చేయలేదు. మేమూ ఉత్త చేతులతో తిరిగివచ్చినాము.

ఈ పనిలో మొదటి చికాకు తుప్పయితే, మన సీమకు ప్రత్యేకమైన చికాకు నీరు. ఇంజను వేడిని చల్లార్చడానికి సిలిండరు చుట్టూ ఒక అరలో నీరు ప్రవహిస్తుంది. ఈ ప్రాంతపు బావుల నీరు చాలచోట్ల కఠినమైనది. అట్టి నీరు కాగినకొద్దీ, ఇంట్లో కాగుల అడుగున పట్టినట్లే, ఇంజను అరలోనూ సున్నపు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని బయటకు పోనివ్వదు. పైకి నీరు చల్లగానే ఉన్నట్లుండి, లోపల సిలిండరు కాలిపోతుంది. ఈ ఇంజనులో ఆ అర దాదాపు పూడిపోయి ఉన్నదట. పలుచని ఆమ్లంతో కరిగించవచ్చును గాని, మోతాదు మించితే పెచ్చుతోపాటు ఇనుమునూ తింటుంది. మేస్త్రీగారు సన్నని కమ్మీలతో గీకించి, తరువాతనే ఆమ్లం చూపినారు. మార్కాపురం పలకల కార్ఖానాలలోని పాత యంత్రాలకు మరొక శత్రువున్నది. పలక కోసినప్పుడు లేచే సన్నని రాతిపొడి నూనెతో కలిసి బేరింగులలో చేరితే, అది సానబట్టే ముద్దగా మారి లోహాన్ని అరగదీస్తుంది. ఒక్కొక్క నేలలో యంత్రం ఒక్కొక్క జబ్బుతో పోతుంది. వైద్యుడు ఆ నేలను ఎరిగినవాడై ఉండవలెను.

రెండవసారి వెళ్ళేసరికి పిస్టను బయటకు వచ్చినది. కొత్త లైనరు తెప్పించినారు. లిస్టరు తరహా ఇంజన్లకు విడిభాగాలు నేటికీ తయారగుట ఈ పనిచేసేవారికి గొప్ప అదృష్టం. అయితే తయారైనంత మాత్రాన అమరవు. ఈసారి చికాకు మరలది. పాత ఇంజను బోల్టులు విట్‌వర్తు కొలతలవి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో ప్రతిపాదించిన పద్ధతి అది. అర అంగుళం బోల్టుకు అంగుళం పొడవున 12 మరలుంటాయి. మర కోణం 55 డిగ్రీలు. మన దేశంలో 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మెట్రిక్ పద్ధతి క్రమంగా వచ్చినది. నేడు అంగడిలో దొరికే 12 మిల్లీమీటర్ల బోల్టుకు మరకు మరకు దూరం 1.75 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు. కంటికి రెండూ ఒకటిగానే అగుపడతాయి. ఒక చుట్టు పట్టినట్లే పట్టి, రెండవ చుట్టుకు బిగుసుకొంటాయి. తెలియనివారు పానా వేసి బలంగా త్రిప్పితే లోపలి మర తెగిపోతుంది. ఈ ఇంజనులో అట్లు తెగిన మరలు మూడున్నవి. గతంలో ఎవరో అవసరంకొద్దీ చేసిన పని. బాగుచేయడంలో సగం కాలం కాలదోషాన్ని సరిదిద్దడానికి కాదు, మునుపటివారు చేసిన మరమ్మతులను సరిదిద్దడానికే పోతుందని మేస్త్రీగారు నవ్వుతూ అన్నారు.

బేరింగుల పని మరొక విద్య. పాత ఇంజన్లలో కొన్నిటికి తగరం, ఆంటిమొని, రాగి కలిపిన వైట్ మెటలు అను మెత్తని లోహాన్ని కరిగించి పోస్తారు. 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికను రూపొందించిన మిశ్రమం ఇది. పోసిన తరువాత ఇరుసుకు నీలిరంగు పూసి, బేరింగులో త్రిప్పి, రంగు అంటిన మిట్టలను మాత్రమే గీకుడుకత్తితో గీకి, మళ్ళీ రంగు పూసి, మళ్ళీ గీకుతారు. రంగు అంతటా సమంగా అంటే వరకు ఈ పని సాగవలెను. మేము చూస్తుండగా మేస్త్రీగారు ఒక మధ్యాహ్నమంతా ఇదే చేసినారు. నూనె పంపులోని కడ్డీ, దాని గొట్టం జతగా అరగదీసినవి; వాటి నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కకు వస్తుంది. ఒకటి పోతే రెండూ మార్చవలసినదే. మోటుగా కనిపించే ఈ ఇంజనులో ఇంత సున్నితమైన పని దాగి ఉన్నదని మేము అంతకుముందు ఎరుగము.

ఈ రైతుకు పాలిటెక్నికులో చదివే కుమార్తె ఉన్నది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె ఒక నోటుపుస్తకం పట్టుకొని మేస్త్రీగారి ప్రక్కన కూర్చుంటుంది. విప్పిన ప్రతి భాగానికీ ఛాయాచిత్రం తీసి, చీటీ కట్టి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో వ్రాసి పెట్టినది. “ఇవన్నీ రాసుకోవాలా తల్లీ, చేతికే తెలుస్తుంది” అన్నారు మేస్త్రీగారు. “మీ చేతికి తెలుసు తాతా, నా చేతికి తెలియదు కదా” అన్నది ఆ పిల్ల. ఈ సమాధానం మాకు చాల కాలం జ్ఞాపకమున్నది.

ఆ సాయంత్రం రైతు ఒక ప్రశ్న వేసినాడు. లైనరు కొత్తది, రింగులు కొత్తవి, బేరింగులు కొత్తగా పోసినవి, పంపు మార్చినారు. ఇంకా ఇది మా తాత ఇంజనేనా? అడిగినది నవ్వుతూనే గాని, ప్రశ్న చిన్నది కాదు. పాత యంత్రాల మీద ప్రేమగలవారందరూ ఏనాడో ఒకనాడు ఈ ప్రశ్న వద్దకు రాక తప్పదు.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 1855లో ఇంగ్లండులో తయారై మన దేశానికి వచ్చిన ఫెయిరీ క్వీన్ అను ఆవిరి ఇంజను 1909లో విశ్రమించి, 1997లో తిరిగి పట్టాలెక్కినది. 2011లో దాని భాగాలు అనేకం దొంగతనానికి గురికాగా, చెన్నైలోని పెరంబూరు కర్మాగారంవారు వాటిని కొత్తగా చేసి అమర్చి మళ్ళీ నడిపించినారు. మన తెలుగుదేశంలో, 1932లో 27 బస్సులతో నిజాం రైల్వేవారు రోడ్డు రవాణా ప్రారంభించిన నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ‘దక్కన్ క్వీన్’ అను పేర హైదరాబాదులో భద్రపరుపబడినది. ఫెయిరీ క్వీన్‌ను నడిపించడానికి కొత్త భాగాలు చేయక తప్పలేదు. ఉన్నదానిని ఉన్నట్లు చూపడమే ధ్యేయమైతే తక్కువ చేయి చేసుకోవలెను. రెండూ గౌరవమైన మార్గాలే. ఏది మన మార్గమో పని మొదలుపెట్టక మునుపే నిశ్చయించుకోవలెను.

వాహనాల విషయంలో ప్రభుత్వం ఒక గీత గీసినది. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు పురాతన వాహనములుగా ప్రత్యేక నమోదు కల్పించినది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. సంఖ్యలో ‘వి ఎ’ అను అక్షరాలుంటాయి. అయితే వాహనం తన మూలరూపంలోనే ఉండవలెను, గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. నిత్యవ్యవహారానికి, వ్యాపారానికి నడుపరాదు. కనుక తాతగారి జీపును గాని, మోటారు సైకిలును గాని బాగుచేయ దలచినవారు పాత కాగితాలను, అసలు భాగాలను పారవేయరాదు. ఆకర్షణగా ఉండునని వేరొక వాహనపు ఇంజను అమర్చితే, అది పరుగెత్తవచ్చును గాని, చట్టం దృష్టిలో దాని వయస్సు పోతుంది.

రైతు ప్రశ్నకు మేస్త్రీగారి సమాధానం మాత్రం సూటిగా ఉన్నది. ఊరి రథానికి చక్రం మారుస్తాము, ఇరుసు మారుస్తాము, పగ్గం ఏటేటా కొత్తదే. అయినా రథం పాతదే కదా అన్నారు. అట్లని ఆయన అన్నిటినీ మార్చలేదు. హేండిలు పిడి తాతగారి అరచేతికి అరిగి ఉన్నది, దానిని ముట్టుకోలేదు. కంపెనీ బిళ్ళ మీది అక్షరాలు చెరిగిపోయినవి, దానిని రుద్దనివ్వలేదు. రంగు వేయవలెనని రైతుకు ఎంతో కోరిక ఉన్నప్పటికీ, లోపలి పని ముగియనిదే పై మెరుగు వద్దన్నారు. అరుగుదలకు లోనై పనిచేయవలసిన భాగాలు మార్చవచ్చును. మనిషి గుర్తు మోసే భాగాలు ఉంచవలెను. ఆయన ఈ మాటలలో చెప్పలేదు గాని, ఆయన చేసిన పని అంతా ఈ సూత్రాన్నే అనుసరించినది.

మూడవసారి మాకు కబురు వచ్చినది. తెల్లవారుజామున పోయినాము. బావి లోపల మెట్ల ప్రక్కన ఒక అరుగున్నది. దాని మీదనే ఇంజను పూర్వం ఉండేది. ఎందుకంటే ఇంజనుతో నడిచే పంపు పీల్పుతో నీరు తెస్తుంది. గాలి ఒత్తిడి నీటిని సిద్ధాంతరీత్యా సుమారు 10.3 మీటర్ల వరకే ఎత్తగలదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు మించితే కష్టం. నీరు దిగినకొద్దీ ఇంజను కూడా అరుగు తరువాత అరుగుగా బావిలోనికి దిగినది. ఈ బావిలో అట్టి అరుగులు మూడు. వాటిని చూస్తే ఆ కుటుంబం నలభై ఏండ్ల కరువు లెక్క తెలుస్తుంది. తరువాత కరెంటు మోటారు, ఆ తరువాత బోరు. బోర్లు లోతుకు పోయినకొద్దీ బావి ఎండినది.

ఇంజనును ఈసారి గట్టు మీదనే నిలిపినారు. మేస్త్రీగారు నూనె గొట్టంలోని గాలిబుడగలను వదిలించినారు. రైతు హేండిలు అందుకొన్నాడు. పొగ వాల్వును ఎత్తిపట్టి, ఫ్లైవీలుకు ఊపు వచ్చిన తరువాత వదలవలెను. మొదటిసారి వదలగానే చప్పుడు లేదు. రెండవసారి తెల్లని పొగ. ఆరవసారి రైతు చెమటతో తడిసి కూలబడినాడు. మా రికార్డింగు పెట్టెలో ఎగశ్వాస తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆ అమ్మాయి చెవి ఒగ్గి, “తాతా, నాజిలు కిర్రుమనడం లేదు” అన్నది. నూనె తుంపరగా పడేటప్పుడు నాజిలు ఒక విధమైన కిర్రుధ్వని చేయవలెను. మేస్త్రీగారు ఆమె వంక ఒక్క క్షణం చూచినారు. గొట్టం వదులుచేసి త్రిప్పితే మరొక గాలిబుడగ బయటపడినది. ఏడవసారి ఒక్క డుగు. ఒక విరామం. మరొక డుగు. పిదప ఆగలేదు.

ఆ ఇంటి పెద్దావిడ చేతికర్ర ఊతంతో గట్టు మీదికి వచ్చినది. ఊరిలోని ముసలివారు నలుగురైదుగురు వచ్చినారు. ఎవరూ ఎక్కువ మాటాడలేదు. రాత్రివేళ పొలం కాపలాలో నిద్రపోయేటప్పుడు ఈ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేదని ఒకాయన అన్నాడు. ఇంజను ఇరవై నిమిషాలు నడచినది. పంపుకు బెల్టు వేయలేదు. తోడడానికి బావిలో నీరు లేదు.

ఇంత శ్రమ, ఇంత ధనం వెచ్చించి, నీరు లేని బావి గట్టున ఒక ఇంజనును నడిపించడం వలన ప్రయోజనమేమి అని మా వారిలో ఒకరు తిరుగుదారిలో అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. మూడు నాలుగు క్వింటాళ్ళ ఇనుముగా అమ్మితే కొంత సొమ్ము వచ్చేది. బాగుచేయడానికి అంతకు ఎన్నో రెట్లు అయినది. లెక్క ప్రకారం ఇది నష్టమే.

అయితే ఆ పిల్ల చెవి సంగతి ఏమి? ఏడు నెలలకు ముందు ఆమెకు నాజిలు ధ్వని తెలియదు. పుస్తకంలో నాజిలు బొమ్మ ఉంటుంది గాని, ధ్వని ఉండదు. మేస్త్రీగారి తరంవారు బడిలో నేర్చినవారు కారు. నూనెచేతులతో మరొక మేస్త్రీ ప్రక్కన కూర్చొని నేర్చినవారు. వారి విద్య వ్రాయబడలేదు. వారి ఎదుట ఒక పాత యంత్రం ఉంటేనే అది బయటకు వస్తుంది. యంత్రం తూకానికి పోతే ఆ విద్యకు ఆధారం పోతుంది. గట్టిగా త్రిప్పవలసిన మర ఏది, ఆగవలసిన మర ఏది అన్న ఎరుక నేటి మోటార్లకు, రేపటి యంత్రాలకు కూడా అవసరమే. పాత ఇంజను ఇక్కడ ఒక బడి.

ఇట్టి పని చేయ దలచినవారికి మేము విన్నవి, చూచినవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము. విప్పక ముందే ఛాయాచిత్రాలు తీయండి. ప్రతి భాగానికీ చీటీ కట్టండి. తుప్పు వదిలించడానికి చాకలి సోడా కలిపిన నీటిలో, ఛార్జరు రుణధ్రువానికి భాగాన్ని, ధనధ్రువానికి మామూలు ఇనుప కమ్మీని తగిలించే పద్ధతి ఉన్నది. దీనికి తుప్పు పట్టని స్టీలు కమ్మీ వాడరాదు, విషపదార్థం పుడుతుంది. ఈ పని ఆరుబయటనే, నిప్పుకు దూరంగా చేయవలెను, ఏలననగా హైడ్రొజను వాయువు వెలువడుతుంది. నాజిలు తుంపరకు చేయి అడ్డుపెట్టరాదు. ఆ వేగానికి నూనె చర్మంలోనికి చొచ్చుకొనిపోతుంది. పాత గాస్కెట్లలో, బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. వాటిని గీకి పొడి చేసి పీల్చరాదు. ఇంజను అదుపు తప్పి పరుగెత్తితే గాలిదారిని మూయడానికి ఒక చెక్క బిళ్ళ చేతికందేచోట ఉంచండి. అన్నిటికంటె ముఖ్యం, మీ ఊరి ముసలి మేస్త్రీని పిలిచి ప్రక్కన కూర్చోబెట్టుకొనండి. ఒక కుర్రవానినో, ఒక అమ్మాయినో కూడా కూర్చోబెట్టండి.

ఆ ఇంజను ధ్వని ఇప్పుడు మా అల్మరాలో ఉన్నది. మొదటి ఆరు ప్రయత్నాలు, ఆ పిల్ల మాట, ఏడవసారి వచ్చిన మొదటి డుగు కూడా అందులోనే ఉన్నవి. రూపకానికి కావలసినది అర నిమిషమే. తక్కినదానిని చెరిపివేయడానికి మాకు మనసొప్పలేదు.